అడిగింది ఎవరు

దబీర్‌పురా, హైదరాబాదు
12-8-1975

అక్కయ్యకు అమ్మాజీ నమస్కారాలు.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నాలుగు రోజులుగా వాన విడవడం లేదు. వంటింటి మూల కారుతుంటే గిన్నె పెట్టాను. రైలు వెళ్ళినప్పుడల్లా ఆ గిన్నెలో నీళ్ళు వణుకుతాయి, శేఖరం దాని ముందే కూర్చుంటున్నాడు. సావిత్రి ఒకటో తరగతిలో చేరింది.

నాకు టీచర్ ట్రైనింగులో సీటు వచ్చిందక్కా. దసరా సెలవుల తర్వాత మొదలు, ఏడాది చదువు. చాంద్రాయణగుట్ట దగ్గర స్కూలు హెడ్మిస్ట్రెస్ ఒకావిడ, పూర్తి చేసి రా, తీసుకుంటాను అన్నారు. పెళ్ళయి ఎనిమిదేళ్ళకి నా పేరు మీద ఒక కాగితం రావడం ఇదే మొదలు. రెండుసార్లు మడతపెట్టి మళ్ళీ తెరిచి చూసుకున్నాను.

ఇంకో సంగతి రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. ట్రైనింగు మొదలయ్యేలోపు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకుందామనుకుంటున్నాను. డాక్టర్ విమలాదేవి గారు మంచిదే అన్నారు. మీ మరిది సంతకం పెడతానన్నారు. పక్క వాటాలో చంద్రమ్మ ఉంటుందని రాశానుగా, ఆసుపత్రిలో ఆయా, ఆవిడ నాతో వస్తానంది. "ఇద్దరు సాలమ్మా. నేను ఐదుగురిని కన్న. ఆఖరి పిల్లకు పాలియ్యనీకి నా పెయ్యిల నెత్తురు లేకుండె" అంది. పెయ్యి అంటే ఇక్కడ ఒళ్ళు.

నీకు లేనిదాన్ని నేను ఇక చాలు అంటున్నానని బాధపడతావేమో. కోపం వస్తే కోపంగానే రాయి.

నీ చెల్లెలు,
అమ్మాజీ

కాకినాడ
29-8-1975

చి. సౌ. అమ్మాజీని అక్క ఆశీర్వదించి రాస్తున్న విషయాలు.

నీ ఉత్తరం చేరింది. సీటు వచ్చినందుకు చాలా సంతోషం. మీ బావగారు కాలేజీలో అందరికీ చెప్పారు. రెండో సంగతి చదివి కాసేపు కూర్చుండిపోయిన మాట నిజం. కోపం కాదు. మూడు పోయి, ఆఖరికి గర్భసంచే తీసేశాక రెండేళ్ళు గడిచినా, కడుపు అనే మాట కాగితం మీద కనిపిస్తే నాకు కొంచెంసేపు ఏ పనీ తోచదు. అది నా సంగతి. నీ ఒంటి సంగతి నీకు తెలుసు.

ఎదురింటి వాళ్ళు ఖాళీ చేశారు. సన్నజాజి పందిరి మాత్రం వదిలి వెళ్ళారు. సాయంత్రం నేనే వెళ్ళి కోసుకుంటున్నాను.

అసలు విషయం. మన అత్తయ్య వచ్చే నెల మీ దగ్గరికి బయలుదేరుతున్నారు. వచ్చాక నిన్నొక మాట అడుగుతారు. నీకు కష్టమేనని నాకు తెలుసు. చిన్న ఇల్లు, ఇద్దరు పిల్లలు, పైగా నీ చదువు. అయినా కాదనకు. నా వల్ల అయ్యేదే అయితే నిన్ను అడగనిద్దునా? ఇక్కడ కుదరకనే నీ మీద పడుతోంది. నా కోసం ఒప్పుకో.

ఆశీస్సులతో,
త్రిపుర

దబీర్‌పురా
20-10-1975

అక్కయ్యకు,

అత్తయ్య వచ్చి నెల దాటింది. నువ్వు అడగమన్న మాట అడిగారు. ఉత్తరాల్లో ఎత్తవద్దన్నారు, నీకు మొహమాటంగా ఉంటుందట. మీ మరిది కూడా ప్రతి ఉత్తరం పోస్టు చేసేముందు చూస్తున్నారు కాబట్టి ఎక్కువ రాయను.

మొదట నా వల్ల కాదన్నాను. రెండు రోజులు ఎవరూ సరిగా అన్నం తినలేదు. మూడో రోజు మీ మరిది నీ ఉత్తరం తీసి మళ్ళీ చదివి వినిపించారు. "కాదనకు అని మీ అక్క తన చేత్తో రాసింది. ఇంకా ఏం కావాలి నీకు?" అన్నారు. నిజమే, నువ్వే రాశావు.

ఆపరేషన్ ఆపుకున్నాను. ట్రైనింగు సీటు వదులుకుంటున్నానని వెళ్ళి రాసిచ్చి వచ్చాను. ఆ గుమాస్తా, ఇంకో అమ్మాయి కాచుకుని ఉందమ్మా అని వెంటనే కాగితం తీసుకున్నాడు.

చంద్రమ్మకు కోపం వచ్చింది. "అక్క కోసమని గిట్ల సీటు ఇడిసిపెడ్తరా? ఆమె పైలంగ ఉండాలె, నువ్వు ఆగం గావాలె, గిదేం నాయం?" అని రెండు రోజులు మాట్లాడలేదు.

నువ్వు ఫికరు పెట్టుకోకు. ఇక్కడి మాటలు నాకూ వస్తున్నాయి చూడు. అంతా అయ్యాక జాగ్రత్తగా నీ దగ్గరికి చేరుస్తాను.

అమ్మాజీ

కాకినాడ
8-11-1975

చి. సౌ. అమ్మాజీకి,

సీటు వదులుకున్నావని చదివి మనసు చివుక్కుమంది. అంత దూరం పోతుందని నేను అనుకోలేదు. వచ్చే ఏడు మళ్ళీ పెట్టుకోవచ్చు కదా. నీ ఆపరేషన్ కూడా తర్వాత చేయించుకోవచ్చు. ఒకే ఇంట్లో రెండు మంచాలకి సేవ ఎవరు చేస్తారు?

నేను మోయాల్సింది నువ్వు మోస్తున్నావు. ఇది మరిచిపోయే మనిషిని కాదు నేను. మీ బావగారు నీ మాట వస్తే, నా మరదలి వంటి పిల్ల ఉండదు అంటున్నారు. కొన్నాళ్ళు ఓపిక పట్టు. వేడి వేడిగా తిను, రాత్రిళ్ళు మేలుకోకు.

అత్తయ్యకి చాదస్తం ఎక్కువ. ఏమన్నా అంటే మనసులో పెట్టుకోకు. తిరిగి వచ్చాక ఆవిడ సంగతి నేను చూసుకుంటాను.

త్రిపుర

కాకినాడ
3-2-1976

నా తల్లీ అమ్మాజీ,

అత్తయ్య సోమవారం పొద్దున దిగారు. శుక్లం తీసిన కళ్ళకి లావుపాటి అద్దాలు. నన్ను చూసి, నువ్వు ఇంత చిక్కిపోయావని తెలియలేదే అన్నారు. కాళ్ళు కడుక్కుని కూర్చుని అప్పుడు చెప్పారు. నీకు మూడో నెల అని. "అమ్మాజీ తనంతట తానే అంది. అక్కకి ఒకర్ని కని ఇస్తానత్తయ్యా, ఆపరేషన్ ఆపుకుంటాను అంది. నేను వద్దంటే కూడా వినలేదు" అన్నారు.

చేతిలో మజ్జిగ గ్లాసు ఉంది. అది ఎక్కడ పెట్టానో గుర్తులేదు.

కంటి ఆపరేషన్ అక్కడే చేయించాలి, నెలల తరబడి చుక్కలు వేయాలి, అత్తయ్యని ఉంచుకోమంటే కాదనకు అనే కదా నా ఉద్దేశం. దానికే సీటు వదులుకున్నావనుకుని ఇన్నాళ్ళూ నొచ్చుకున్నాను. నువ్వు మనసులో పెట్టుకున్నది ఇదా? నేను ఏనాడైనా అడిగానా అమ్మాజీ? కలలో కూడా అడగలేదు. అడగకుండానే ఇస్తానన్నావు. ఊళ్ళో ఎవరి పిల్లనైనా పెంచుకుందామంటే మన రక్తం కావాలనేవారు అత్తయ్య. ఇప్పుడు ఆ గొడవే లేదు.

నీకు రాయొద్దన్నారు, దిష్టట. ఆగలేక రాస్తున్నాను. మీ బావగారు వడ్రంగి దగ్గరికి వెళ్ళి వచ్చారు. నేను రెండు చిన్న చొక్కాలు కుట్టాను. తొందరేనని తెలుసు.

నీ అక్క

దబీర్‌పురా
8-3-1976

అక్కయ్యకు,

ఈ ఉత్తరం చంద్రమ్మ చేత వేయిస్తున్నాను. జవాబు ఆవిడ పేరుతో రాయి. అడ్రసు వెనక రాశాను.

నీ ఉత్తరం నాకు ఎవరూ ఇవ్వలేదు. మొన్న ఆదివారం మీ మరిది చొక్కా ఉతుకుతుంటే జేబులో దొరికింది. సగం తడిసింది, అయినా చదవగలిగాను. నేను అడిగానా అని రాశావే, అక్కడ ఆగిపోయాను. గట్టు మీద కూర్చుని ఆ ఒక్క వాక్యమే చదివాను.

నేను ఇస్తానని అనలేదక్కా. అత్తయ్య నాతో ఏం చెప్పారో విను. "మీ అక్క ఏడ్చి ఏడ్చి నన్ను పంపింది. తనకొకర్ని కని ఇమ్మని నీ కాళ్ళు పట్టుకోమంది. ఇవ్వకపోతే కృష్ణప్రసాద్‌కి ఇంకో పెళ్ళి చేయక తప్పదని తనకీ తెలుసు" అన్నారు. నేను నమ్మాను. ఎందుకు నమ్మనూ, కాదనకు అని నీ రాత నా ఎదురుగా ఉంటే. కంటి ఆపరేషన్ ఎలాగూ చేయించేదే కదా, దానికోసం నువ్వింత బతిమాలావని నాకు తట్టనే లేదు.

మీ మరిదికి అంతా తెలుసు. తడి ఉత్తరం చేతిలో పెట్టి అడిగాను. ఆయన కోప్పడలేదు. "ముందే తెలిస్తే ఏం మారేది? అన్నయ్య నన్ను చదివించాడు. అమ్మ నోరు తెరిచి అడిగింది. మీ అక్క కదా అని నీకూ ఉండాలి" అన్నారు. "మీలో మీరే అనుకున్నారు. కనేది నేను కదండీ, నాతో నిజం చెప్పి అడగాల్సింది" అన్నాను. "అడిగితే ఒప్పుకునేదానివా?" అన్నారు. ఒప్పుకునేదాన్నేమో. ఆ సంగతి తెలిసే వీలు నాకు లేకుండా చేశారు.

చంద్రమ్మకి చెప్పి ఏడ్చాను. "ఇప్పుడు కడుపు తీయించుకోనీకి కాయిదా ఉన్నదమ్మా. విమలమ్మ డాక్టరు ఇంకొక డాక్టరమ్మతోటి మాట్లాడ్తది. నీకు వద్దంటే వద్దే. నువ్వు సంతకం పెడ్తె సాలు. గని జల్ది చెప్పాలె" అంది. బుధవారం దాకా ఆలోచించుకుంటానన్నాను. మంగళవారం మధ్యాహ్నం బియ్యం ఏరుతుంటే లోపల కదిలింది. సావిత్రికీ శేఖరానికీ ఇంత తొందరగా తెలియలేదు.

వద్దు, కంటానని చంద్రమ్మకి చెప్పాను. నీ కోసం కాదు, అత్తయ్య కోసం కాదు. ఎవరి కోసమో నాకూ తెలియదు. కాని ఈ ఒక్క మాట నాది. మంగళవారం కదలకపోయి ఉంటే వేరే మాట చెప్పేదాన్నేమో, అదీ నాదే అయ్యేది.

నిన్ను బాధపెట్టాలని రాయలేదు. నువ్వు అడగలేదని నాకు తెలిసింది. నేను ఇస్తాననలేదని నీకు తెలియాలి కదా.

అమ్మాజీ

కాకినాడ
19-3-1976

అమ్మాజీ,

నాలుగు కాగితాలు చింపాను. ఇది ఐదోది.

నేను రాసిన మాట నీ మెడకి చుట్టుకుంది. కంటి ఆపరేషన్ అని రెండు ముక్కలు స్పష్టంగా రాస్తే పోయేది. కంటి ఆపరేషన్ అంటే భయం అత్తయ్యకి, ముందే రాశానని తెలిస్తే కేకలు వేసి ప్రయాణం మానేస్తారని దాచాను. అంత చిన్నదానికి.

అత్తయ్యని అడిగాను. ఆవిడ అబద్ధం అనలేదు. "ఇద్దరూ ఒక తల్లి బిడ్డలు. ఇద్దరూ నా కోడళ్ళు. ఎవరు అడిగితే ఏమిటి, ఎవరు ఇస్తే ఏమిటి? మీ మొహమాటాలతో నా పెద్దకొడుకు ఇల్లు ఖాళీగా ఉండిపోవాలా?" అన్నారు. తప్పు చేసిన మనిషిలా లేరు. మాకు మేలు చేసి మాట పడుతున్న మనిషిలా ఉన్నారు.

నాకు ఆ బిడ్డ వద్దని మీ బావగారితో చెప్పేశాను. "అమ్మాజీ బిడ్డ అమ్మాజీదే" అన్నాను. "అయితే నాకింక దారేది, త్రిపురా?" అన్నారు. నాకు దారి ఉందో లేదో ఆయన అడగలేదు.

అత్తయ్య మీ బావగారికి విజయనగరం సంబంధం మాట ఎత్తారు. ఆ అమ్మాయికి ముప్పై దాటాయట, కాబట్టి అభ్యంతరం ఉండదట.

వద్దన్నాను కాని అది అబద్ధం. నీకు అబద్ధం రాయలేను. నెల రోజులు నేను తల్లిని అనుకున్నాను అమ్మాజీ. నడక కూడా మారింది. ఎదురింట్లో కొత్తగా దిగిన వాళ్ళకి చెప్పేశాను కూడా. ఇప్పుడు వాళ్ళు ఎప్పుడు వస్తుంది మీ పాపాయి అంటున్నారు.

నువ్వు ఒళ్ళు జాగ్రత్త.

అక్క

దబీర్‌పురా
2-9-1976

అక్కయ్యకు,

ఆగస్టు పంతొమ్మిదిన పురుడు వచ్చింది. ఆడపిల్ల. ఆరు పౌన్లు. బాగానే ఉంది, పాలు బాగా తాగుతుంది.

అత్తయ్య వచ్చి చూసి వెళ్ళడం నీకు తెలుసు. నువ్వు వద్దన్నది ఆవిడ లెక్కలో లేదు, మగపిల్లాడైతే ఎత్తుకుపోవాలనే వచ్చారు. వార్డులో మంచం పక్కన నిలబడి, గుడ్డ తొలగించి చూసి మళ్ళీ కప్పారు. "ఆడపిల్లను తీసుకెళ్ళి వాడేం చేసుకుంటాడు? ఒళ్ళు కుదుటపడ్డాక మళ్ళీ చూద్దాం" అన్నారు. మళ్ళీ అన్నారక్కా. పురిటి నెత్తురు ఇంకా ఆగలేదు నాకు. మీ మరిది నేల చూస్తూ, "అమ్మ చెప్పినట్టు ఇంకొక్కసారి" అన్నారు.

మర్నాడు విమలాదేవి గారు రౌండుకి వచ్చినప్పుడు ఆపరేషన్ చేయమన్నాను. ఈ ఎమర్జెన్సీ రోజుల్లో ఎక్కడ చూసినా ఆపరేషన్ల లొల్లే కదా. చంద్రమ్మ చెల్లెలి మొగుణ్ణి పనిచేసే చోట బలవంతాన లారీ ఎక్కించి తీసుకెళ్ళారట, ఆయన పది రోజులు జ్వరంతో పడుకున్నాడు. నన్ను మాత్రం ఎవరూ ఎక్కించలేదు. డాక్టరమ్మ రెండుసార్లు అడిగారు, నువ్వే అంటున్నావా అని. నేనే అన్నాను. నా ఒక్క సంతకం చాలన్నారు, పెట్టాను.

తీసుకెళ్ళేముందు చంద్రమ్మ అడిగింది. "సారుకు చెప్పినవా?"

"లేదు."

"మరి నాకెందుకు చెప్పినవమ్మా? రేపు లొల్లైతది."

"పక్కన ఉంటావని."

ఆవిడ డ్యూటీ మార్చుకుని వచ్చి తలుపు దగ్గర నిలబడింది. లోపలికి రానివ్వరు కదా. నేను బయటికి వచ్చేసరికి అక్కడే ఉంది.

మీ మరిది తొమ్మిది రోజులుగా మాట్లాడటం లేదు. అన్నం పెడితే తింటారు. పిల్లలతో మాట్లాడతారు. పాపని ఎత్తుకోలేదు, అలాగని విసుక్కోనూ లేదు. ఇరవై ఒకటో రోజు దగ్గరికొస్తోంది, పేరు మాట ఈ ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదు.

అమ్మాజీ

కాకినాడ
12-9-1976

చి. సౌ. అమ్మాజీకి,

నువ్వు చేసింది మంచి పని. నేను అక్కడ ఉంటే చంద్రమ్మ పక్కన నిలబడేదాన్ని.

ఇప్పుడు నేను ఒకటి అడుగుతాను. అత్తయ్య అడగమనలేదు, పైగా ఆడపిల్ల మాట ఎత్తితే మండిపడుతున్నారు. మీ బావగారు నీ ఇష్టం అన్నారు, అంతకంటే ఏమీ అనలేదు. ఎవరి ద్వారానూ కాదు, నా చేత్తో, నీకు అర్థమయ్యేలా రాస్తున్నాను.

పాపని నాకిస్తావా?

నాకు కావాలి. మగపిల్లాడు అక్కర్లేదు, వంశం అక్కర్లేదు. నీకు ముగ్గురితో కష్టం, చదువు మళ్ళీ మొదలుపెట్టాలి, మీ ఆయన భాస్కరం మొహం అలా ఉంది. ఇవన్నీ కారణాలుగా చూపించవచ్చు. కాని అసలు కారణం నాకు కావాలి, అంతే. నీకు అక్కర్లేదనుకుంటేనే. నువ్వు కాదనవచ్చు. కాదంటే మళ్ళీ అడగను, అలగను. నువ్వు నా చెల్లెలివి కాకుండా పోవు.

ఆలోచించుకుని రాయి. ఎన్నాళ్ళయినా ఫరవాలేదు.

అక్క

దబీర్‌పురా
1-10-1976

అక్కయ్యకు,

నీ ఉత్తరం ఈసారి నాకే వచ్చింది. మీ మరిది విప్పకుండా తెచ్చి ఇచ్చారు. అంతకుముందు ఎప్పుడూ అలా ఇవ్వలేదు.

పదిహేను రోజులు ఆలోచించాను. నీ దగ్గరైతే ఒక్కతే పిల్ల, గారాబంగా పెరుగుతుంది. ఇక్కడ కారే వంటిల్లు. ఎలా చూసినా ఇవ్వడమే సబబుగా కనిపించింది. మొన్న శుక్రవారం ఇద్దామనే నిశ్చయించుకున్నాను. నీ దగ్గరికి పంపేటప్పుడు వేయడానికి మంచి గౌను కొందామని పాపని ఎత్తుకుని చంద్రమ్మతో పత్తర్‌గట్టి వెళ్ళాను. రంజాన్ రోజులు, కాలు పెట్టడానికి చోటు లేదు. కొట్లో ముసలాయన గౌన్లు చూపిస్తూ పాప ఎవరిదని మామూలుగానే అడిగాడు. "కిస్‌కీ బచ్చీ హై, అమ్మా?"

చంద్రమ్మ నా మొహం చూసింది. ఆయనకి తెలుగు రాదు, నాకు ఉర్దూ అంతంత మాత్రం. నాది అని తెలుగులోనే అన్నాను. ఆయనకి అర్థమైంది. తల ఊపి ఇంకో గౌను తీశాడు.

ఏమీ కొనకుండా వచ్చేశాం. దారిలో చంద్రమ్మ, "ఏందమ్మా, గౌను మంచిగనే ఉండె గద" అంది. కొంచెంసేపయ్యాక, "పోనీ తియ్యి" అంది.

అక్కా, నేను ఇవ్వలేను. కారణం అడిగితే చెప్పలేను. నువ్వు నా కోసం వద్దన్నావు, నేను నీ కోసం ఇస్తానంటే బాగుండేది. రెండు రోజులు కలం పట్టుకుని కూర్చున్నాను ఆ మాట రాద్దామని. రాలేదు. నువ్వు ఒక్కదానివే నన్ను సరిగా అడిగావు, నీకే కాదని చెబుతున్నాను. దీన్ని మించిన బాధ నాకు ఈ ఏడాదిలో లేదు.

నన్ను క్షమించమని రాయను. తప్పు చేశానని అనిపించడం లేదు. ఏడుపు మాత్రం వస్తోంది.

అమ్మాజీ

కాకినాడ
11-10-1976

చి. సౌ. అమ్మాజీకి,

నీ ఉత్తరం మధ్యాహ్నం రెండింటికి వచ్చింది. పైన అడ్రసు రాత చూసి కాదన్నావని తెలిసిపోయింది. ఎలా తెలిసిందని అడగకు. అయినా మొత్తం చదివాను. తర్వాత పెరట్లోకి వెళ్ళి పంపు తిప్పి ఆ చప్పుడులో ఏడ్చాను. అలగనన్నాను కాని ఏడవనని అనలేదుగా.

అత్తయ్య, ఏం రాసింది మీ చెల్లెలు అన్నారు. "ఇవ్వనంది" అన్నాను. "నువ్వెందుకు అడిగావు, పరువు తక్కువ" అన్నారు. "అడగాలనిపించింది" అన్నాను. ఆవిడ అద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని నా వంక చూశారు.

విజయనగరం నుంచి ఎవరో పెద్దమనిషి వచ్చి వెళ్ళాడు. రెండో పెళ్ళి చట్టం ఒప్పుకోదని మీ బావగారు అన్నారు. అంతే అన్నారు, తనకి వద్దని అనలేదు. ఆయన లేచి లోపలికి వచ్చేస్తారని తలుపు వెనక నిలబడి చూశాను. రాలేదు. కాఫీ అయ్యేదాకా వింటూ కూర్చున్నారు. మంచి మనిషే. కాని నా బతుకు ఎటు పోవాలో ఆయన మంచితనం మీద ఆధారపడి ఉందని ఆ రోజు తెలిసింది. ఆ పెళ్ళి జరిగితే నేను ఈ ఇంట్లో ఉండను. ఎక్కడ ఉంటానో ఇంకా తెలియదు.

నువ్వు ట్రైనింగుకి మళ్ళీ దరఖాస్తు పెట్టు. పాపని వంక చేసి మానుకోకు. భాస్కరం ఉత్తరం విప్పకుండా ఇచ్చాడన్నావు, అది చిన్న సంగతి కాదు. అతనితో నువ్వే ముందు మాట్లాడు.

కొన్నాళ్ళు పాప సంగతులు నాకు రాయకు. మిగతావన్నీ రాయి, సావిత్రి చదువు, చంద్రమ్మ, మీ వంటింటి మూల. పళ్ళు వచ్చాయి, నడిచింది అని మాత్రం వద్దు. నాకు వినాలనిపించిన రోజు నేనే అడుగుతాను.

పాపకి నేనొక పేరు అనుకున్నాను. ఫిబ్రవరిలోనే అనుకున్నాను. అది నీకు చెప్పను. చెబితే నువ్వు అదే పెడతావు. నీకు నచ్చింది నువ్వు పెట్టుకో.

నీ అక్క,
త్రిపుర